జువ్విచెట్టు తీర్థం

పురుగుల్ని గుర్తుపట్టడంలో మా ఆయనను మించినవాడు జూలూరుపాడు చుట్టుపక్కల లేడని అందరూ అంటారు. నేనూ అంటాను. ఆయనది ఎరువులు, పురుగుమందుల దుకాణం. రైతు మిరప చేలోంచో పత్తి చేలోంచో ఒక ఆకు తుంచి, పాలిథిన్ కవర్లో వేసుకొని, బండి మీద వచ్చి కౌంటర్ మీద పెడతాడు. మా ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఆకును తిరగేసి, వెలుతురుకు పట్టి, ఇది ఎర్రనల్లి, ఇది తామరపురుగు, ఇది తెల్లదోమ అని చెప్పేస్తాడు. చెప్పడం పూర్తయ్యేలోపే చెయ్యి వెనక్కి వెళ్ళి అలమార్లోంచి ఒక సీసా తీస్తుంది. దానికి తోడు ఇంకో సీసా. ఆ రెండూ కలిపి కొడితే చెట్టు నీరసపడుతుందని ఒక టానిక్కు. రైతు దండం పెడతాడు, మా ఆయన ముఖం చాటంత అవుతుంది. పక్క దుకాణాల వాళ్ళు సీసా మీద బొమ్మ చూసి అమ్ముతారట, తను మాత్రం పురుగును చూసి అమ్ముతాడట.

అంతటి కళ్ళున్న మనిషి మా హాల్లో సోఫా మీద కూర్చొని, తన తలకు జానెడు దూరంలో కొమ్మ నిండా పాకిన పురుగును చూడలేదు. చూడలేదు అనడం తప్పు. చూసి ఊరుకున్నాడు. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు ఆ వేసవిలోనే తెలిసొచ్చింది.

ఆ చెట్టు నాది. మా పాత మిర్చి గోడౌన్ గోడకు సున్నం వేయించేటప్పుడు పగుల్లోంచి ఒక జువ్వి మొక్క మొలిచి ఉంది. కూలీలు గొడ్డలి ఎత్తారు. గోడలో ఇరుక్కొని వంకర తిరిగిన ఆ వేరు చూసి నేను ఆపించి, తడిపి తడిపి ఊడదీసి, వెడల్పాటి మట్టిపళ్ళెంలో నాటాను. అప్పుడు మా వాడు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఉద్యోగం వచ్చి, పెళ్ళయ్యేనాటికి అది మూరెడెత్తు ముసలి చెట్టయి కూర్చుంది. కాండం లావెక్కింది, ఊడలు కూడా రెండు దిగాయి.

దీనికి మా ఇంట్లో దొరికిన గౌరవం ఏమిటంటే, గిడసబారిన చెట్టు అన్న పేరు. మా అత్తగారు దాని పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ మొక్కను ఎదగనియ్యకుండా కత్తిరించడం పాపమనీ, ఇంట్లో పిల్లలు కూడా ఇట్లాగే ఎదగకుండా పోతారనీ అనేది. మా వాడు ఆరడుగులు పెరిగి గుమ్మానికి తల కొట్టుకుంటున్నా ఆమె మాట మారలేదు. బంధువులైతే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా ముఖం మీదే నవ్వేవాళ్ళు. ఇట్లాంటి బోన్సాయ్ చెట్లు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉందని చేరాను. ఆకు పచ్చబడింది, కారణమేమిటని ఫొటో పెడితే దండాలు, గులాబీ పువ్వులు, శుభోదయాలు వచ్చాయి గానీ ఒక్క జవాబు రాలేదు. ఆ రోజే బయటికొచ్చేశాను.

తర్వాత కొత్త ఇల్లు కట్టాం. సీలింగుకు రంగు లైట్లు, గోడంత టీవీ, పట్టపగలు కూడా మూసి ఉంచే కర్టెన్లు, ఏసీ. నేను మా పుట్టింటికి మధిర వెళ్ళి వచ్చేసరికి పెరట్లో ఉండాల్సిన నా చెట్టు హాల్లో, పూజగది గుమ్మం పక్కన ఎత్తుపీట మీద ఉంది. ఇంత మంచి వస్తువు పెరట్లో ఎవరికి కనపడుతుందని మా ఆయన వాదన. జువ్వి ఎండలో బతికే చెట్టు, నాలుగు గోడల మధ్య పెట్టదలిస్తే కిటికీ పక్కనైనా పెట్టాలి, ఆకు మీద గాలి ఆడాలి అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పొద్దున నేను బయట పెట్టడం, చుట్టాలొస్తున్నారని సాయంత్రం ఆయన లోపల పెట్టడం. కొన్నాళ్ళకు నడుము నొప్పి వచ్చి నేను మానేశాను, ఆయన గెలిచాడు.

గాలి ఆడని చోట చెట్టుకు ఏం పడుతుందో అదే పట్టింది. మొదట కాండం మీద గోధుమరంగు బొడిపెలు కనిపించాయి. చూస్తే బెరడు మీద మచ్చలనుకుంటాం. గోటితో గీకితే పెంకులా ఊడి వస్తుంది, కింద తడిగా ఉంటుంది. అది పొలుసుపురుగు. కదలదు, పారిపోదు, అక్కడే అతుక్కొని రసం పీలుస్తూ కూర్చుంటుంది. ఆకు కాడ కొమ్మకు అతికే మూలల్లో దూదిపింజలాగా పిండినల్లి. ఈ రెండూ తాగినదంతా వంటబట్టించుకోలేక తియ్యటి జిగురుగా వదులుతాయి. దాన్నే బంక అంటారు. ఆకులు నూనె రాసినట్టు మెరిశాయి. చెట్టు కింద చలవరాతి మీద నడిస్తే చెప్పులు అతుక్కున్నాయి. గోడ వెంబడి చీమలు బారులు కట్టాయి. స్పిరిట్‌లో నీళ్ళు కలిపి, దూది ముంచి, ఒక్కో మూలా తుడవడం మొదలుపెట్టాను. సగం కొమ్మలు కూడా కాలేదు, శ్రీరామనవమి వచ్చింది.

మా కోడలి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ పిల్లది పినపాక. మా వాడికి మణుగూరు గనుల్లో ఉద్యోగం, షిఫ్టులు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి మూడో నెల దాటింది. ఖమ్మం డాక్టరమ్మ కదలకుండా ఉండమంది, మాత్రలు రాసింది, మా దగ్గర పెట్టుకున్నాం. ఇంట్లో అందరం ఆ పిల్ల అడుగు తీసి అడుగు వేస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తున్న రోజులవి.

మా అత్తగారు భద్రాచలం వెళ్ళి కల్యాణం చూసి, తలంబ్రాలు తెచ్చి, ఆ పళ్ళెం జువ్విచెట్టు కింద బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. వచ్చి చూసేసరికి తలంబ్రాల మీద మెరుస్తూ రెండు చుక్కలు. బల్ల పక్కన చతికిలబడి, వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది. పైకి చూసింది. ఇంకో చుక్క ఆమె నుదుటి మీద పడింది.

అంతే, అయిపోయింది. చెట్టు తేనె కారుస్తోంది. రాములవారి తలంబ్రాలు ఇంట్లోకి వచ్చిన ఘడియకే కార్చింది. కోడలు నెలతప్పి ఉన్న ఇంట్లో కార్చింది. నిన్నటిదాకా పిల్లల్ని ఎదగనివ్వని పాపిష్టి చెట్టు తెల్లారేసరికి దేవుడి చెట్టయింది.

ఎవరొచ్చి చూశారో చెప్తాను. ఆకాశంలోంచి ఊడిపడ్డవాళ్ళు కాదు. అందరూ పత్తి, మిరప పండించే ఇళ్ళ ఆడవాళ్ళే. ఏటా ఈ బంక పత్తిచెట్టుకు పడితే చేతులకు అంటుకుంటోందని, దూది నల్లబడుతోందని పురుగును నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళే. ఇరవై బారల దూరం నుంచి చేను చూసి పేనుబంక పడిందని చెప్పగలిగినవాళ్ళు మా హాల్లో చెప్పులు విడిచి, కొంగు భుజం మీదికి లాక్కొని నిలబడ్డారు. పత్తికి పడితే బంక, పూజగది పక్కన జువ్వికి పడితే తీర్థం. ఇది పురుగు రెట్ట అని నేను చెప్పాను. దాచుకోకుండా ఆ మాటే వాడాను. వరసకు ఆడపడుచయ్యే ఒకామె, తేనె మాత్రం ఈగ కక్కింది కాదా వదినా అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె తెలివికి నాకూ నవ్వొచ్చేదే, అంత తెలివి ఉండి ఆ చుక్క కోసం చెయ్యి చాపకపోతే.

తుడవడం మాన్పించారు. తుడిస్తే తేనె ఆగిపోతుందట. కాండానికి పసుపు మెత్తారు, బొట్లు పెట్టారు, పచ్చగుడ్డ చుట్టారు. ఆ పసుపు కింద పురుగు దుప్పటి కప్పుకున్నంత హాయిగా ఉంది. బంక మీద బూజు పట్టి కింది ఆకులు మసిలా నల్లబడ్డాయి. మా అత్తగారు వాటిని తడిమి, అది రాముడి రంగని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గురువారం సాయంత్రం కొమ్మ కింద వెండిగిన్నె పెట్టేది. శుక్రవారం పొద్దుటికి గిన్నె అడుగు తడిసేది. అందులో తులసినీళ్ళు కలిపి ఉద్ధరిణెతో కోడలి నోట్లో పోసేది.

తాగొద్దని వంటింట్లో ఆ పిల్లకు చెప్పాను. గోంగూర తెంపుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"తాగకుంటే, రేపు ఏమన్న అయితే తాగలేదని నన్నే అంటరు అత్తమ్మా. తాగితే ఎవ్వరిని ఏమనరు."

ఆ పిల్లకు నమ్మకం లేదు, భయం ఉంది. మా ఇల్లు ఆ భయానికి ఉద్ధరిణెతో నీళ్ళు పోస్తోంది.

ఇంక మిగిలింది మా ఆయన. ఆయన ఒక్క మాట అంటే అందరూ వింటారు. పురుగు విషయంలో మండలమంతా వినే మనిషి మాట తల్లి వినదా? రెండుసార్లు అడిగాను, చూద్దాంలే అన్నాడు. నేనే చూపిద్దామనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చెట్టు నుంచి పొలుసులు పట్టిన రెమ్మ ఒకటి తుంచి, పాలిథిన్ కవర్లో వేసి, దుకాణానికి వెళ్ళాను. రైతులు గుమిగూడి ఉన్నారు, కౌంటర్ మీద కవర్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య నాదొకటి పెట్టి పక్కకు నిలబడ్డాను. ఆయన ఒక్కోటి తీసి చూస్తున్నాడు, చెప్తున్నాడు, సీసాలు తీస్తున్నాడు. నా కవరు వంతు వచ్చింది. రెమ్మను తిరగేశాడు, గోటితో గీకాడు.

"పొలుసుపురుగు. మస్తు ముదిరింది. బంక కార్తది, చీమలెక్కుతయ్, ఆకు మసైతది. ఇన్ని దినాలు ఏం చేసినవ్? ఏం చెట్టు ఇది?"

"మన హాల్లో దేవుడిది," అన్నాను.

అప్పుడు తల ఎత్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరి భార్యలు ముందు రోజే మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మా ఆయన ఆ రెమ్మను మళ్ళీ కవర్లో పెట్టి, కవరు మూతికి ముడివేసి, పరాయి రైతుకు ఇచ్చినట్టు నా చేతికిచ్చాడు. ఇంటికి వచ్చాక మాట్లాడతానన్నాడు.

ఇంటికి వచ్చాక మాట్లాడింది ఇదే. పురుగని తనకు మొదటి రోజే తెలుసు. అయితే ఏంది అన్నాడు. అమ్మ సంబరంగా ఉంది, పిల్ల నిమ్మళంగా ఉంది, నలుగురు ఇంటికి వస్తున్నారు, గౌరవిస్తున్నారు. చక్కెర నీళ్ళు తాగితే ఎవరు చస్తారు? నేను గిట్ల నలుగురిలో లొల్లి చేస్తే ఇంటి పరువేం కావాలి? ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పెరిగింది. చండ్రుగొండ నుంచి కూడా జనం వస్తున్నారని, దుకాణంలో తనను దేవుడి చెట్టు ఇంటాయన అంటున్నారని ఆయనే పొంగిపోతూ చెప్పాడు. ఇన్నేళ్ళు పురుగును చంపి సంపాదించుకోలేని పెద్దరికం పురుగును బతికిస్తే వచ్చింది మరి.

మా అత్తగారి మీద నాకు కోపం ఉండేది. ఆ రోజుతో తగ్గింది. ఆమె నమ్మింది, అంతే. తెలిసి తెలిసి పక్కన కూర్చొని తల ఊపేవాణ్ణి ఏమనాలో నాకు అంతకుముందు తెలియదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు కదా, ఆ పల్లకీని నా కోడలి భుజం మీద పెట్టి మోయిస్తున్నాడని మాత్రం అర్థమయింది.

వైశాఖం వచ్చేసరికి చెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది. పీల్చేది పీలుస్తుంటే, పైన వెలుతురు లేకపోతే ఏ చెట్టైనా ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? రోజూ పొద్దున పీట చుట్టూ పసుపుపచ్చ ఆకులు. మా అత్తగారు వాటిని ఊడ్వకుండా ఏరి పళ్ళెంలో పెట్టుకునేది. ఆమెకు దిగులు పట్టుకుంది. దేవుడి చెట్టు ఇట్లా ఎండిపోతే కడుపులో ఉన్నదానికి ఏం జరుగుతుందోనని పైకే అనేది, కోడలు వింటుండగానే. కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకొని ఆ కొమ్మల వంక చూసేది. ఇక తుడవనివ్వండి, బయట పెట్టనివ్వండి అని నేను మళ్ళీ బతిమాలాను. దేవుడి మీద స్పిరిట్ పోస్తావా అన్నారు.

ఒక శుక్రవారం పొద్దున చెట్టుకు నీళ్ళు పోయబోతే చీమలు కనిపించాయి. బారులు కట్టి కాదు, కుప్పలుగా. గోడ వెంబడి, పీట మీద, వెండిగిన్నె పెట్టిన చోటు చుట్టూ చచ్చి పడి ఉన్నాయి. మట్టిపళ్ళెంలో నాచు ఒక పక్క లేచి ఉంది. వేలితో ఎత్తి చూశాను. కింద ఊదారంగు గుళికలు. ముక్కు దగ్గరికి తెచ్చుకోనక్కర్లేకుండానే మా దుకాణం వెనక గదిలో వచ్చే వాసన వచ్చింది.

అవి మిరప నారుమడిలో చల్లే గుళికలు. తడి తగిలితే కరుగుతాయి, వేరు తాగుతుంది, మందు రసంలో కలిసి ఆకుదాకా ఎక్కుతుంది. ఆ రసం తాగిన పురుగు చస్తుంది. చచ్చేలోపు అది వదిలే బంకలోకీ మందు వస్తుంది. ఇదంతా నాకు చదువుకుంటే వచ్చింది కాదు. గుళికలు చల్లిన మడి గట్టున తోటకూర కూడా కోసుకొని తినొద్దని, మందు మొక్కలోకి ఎక్కుతుందని, మా ఆయన రైతులకు వేలు చూపించి చెప్తుంటే కౌంటర్ పక్కన కూర్చొని ఎన్నోసార్లు విన్నదే.

చెయ్యి కడుక్కొని పరిగెత్తాను. గిన్నె అప్పటికే పూజగదిలో ఉంది. మా అత్తగారు తులసినీళ్ళు కలుపుతోంది. కోడలు తలస్నానం చేసి ముందు కూర్చుంది. నలుగురైదుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. మా ఆయన సోఫాలో పేపరు పట్టుకొని ఉన్నాడు.

అందులో మందు ఉంది, తాగనియ్యొద్దు అన్నాను. మా అత్తగారు నా వైపు తిరిగి, మొదటి నుంచీ నీకిది గిట్టదు, ఇప్పుడు ఈ మాట పుట్టించావా అంది. గుళికలు ఉన్నాయి, వచ్చి చూడండి అన్నాను. ఆమె చూడ్డానికి లేవలేదు. కొడుకు వైపు చూసింది.

"చెట్టుకు మందేసినవా బిడ్డా?"

పేపరు కొంచెం దిగింది. ఆయన తల్లిని చూశాడు, గుమ్మంలో ఉన్నవాళ్ళను చూశాడు. కోడలిని చూడలేదు.

"నేనెందుకేస్తనే అమ్మా," అన్నాడు.

మా అత్తగారి చెయ్యి ఉద్ధరిణె మీదికి పోయింది. నోరు తెరువు బిడ్డా అంది. ఆ పిల్ల నా వైపు చూసింది, తెరవకుండా ఆగింది. నేను మధ్యలోకి వెళ్ళి ఆ ఉద్ధరిణె తీసుకున్నాను. నిండా ముంచి, హాల్లోకి నడిచి, మా ఆయన ముందు పట్టుకున్నాను.

"ముందు మీరు తాగండి."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అరవలేడు, లేవలేడు. అందరూ చూస్తున్నారు. చివరికి ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"నాకు షుగరున్నది కదా."

దుకాణంలో పూటకు నాలుగు గ్లాసుల చాయ్ తాగే మనిషి. ముందు శుక్రవారం ఇదే గదిలో లడ్డూలు రెండు తిన్న మనిషి. అనాల్సింది మా అత్తగారు అంది. పూజగదిలోంచి లేచి వచ్చి, నా పక్కన నిలబడి, కొడుకు ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"చుక్కకు షుగర్ పెరగదు బిడ్డా. తాగు."

ఆయన లేచి, పేపరు మడిచి, చెప్పులు వేసుకొని దుకాణానికి పోయాడు.

గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కోడలు అక్కడే గోడకు చేరబడి, పొట్ట మీద రెండు చేతులూ వేసుకొని కూర్చుంది. ఆ పిల్ల ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను కూడా. మా అత్తగారు గిన్నెను ఎవరికీ ఇవ్వకుండా తనే తీసుకెళ్ళి పెరటి మూల గుంటలో పారబోసి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా తోముకుంది. తర్వాత చెట్టుకున్న పచ్చగుడ్డ విప్పింది.

"నేను తెల్వక చేసిన. వానికి తెలుసు," అంది నాతో. ఆ తర్వాత ఈ విషయం ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

ఆ రోజే ఖమ్మం వెళ్ళి డాక్టరమ్మకు అంతా చెప్పాం. గుళికలు ఎప్పుడు వేశాడని ఆమె అడిగితే, మమ్మల్ని కారులో తీసుకొచ్చి బయటే ఉండిపోయిన మా ఆయనకు ఫోన్ చేశాను. బుధవారమని చెప్పాడు. అంటే ముందు వారం తాగిన దాంట్లో మందు లేదు. ఆమె ఊపిరి పీల్చుకొని, ఆ తర్వాత మమ్మల్ని తిట్టాల్సినంత తిట్టింది. తిట్లలో సగం న్యాయంగా మా ఆయనవి. ఆయన కారులోనే కూర్చున్నాడు కాబట్టి అవి కూడా నేనే తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెప్పుకున్నది కూడా రాయాలి. చెట్టు చచ్చిపోతే అమ్మ బెంగపడుతుందని, దాన్ని బతికించడానికే వేశాడట. ఎవరికీ చెప్పకపోవడం ఎందుకంటే, మందు వేశానంటే పురుగు ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. గిన్నె సంగతి మర్చిపోయాడట. ఏ రైతు ఏ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టాడో రెండు పంటల వెనక్కి కూడా తడుముకోకుండా చెప్పే మనిషి, వారం వారం తన కళ్ళ ముందు జరిగేది మర్చిపోయాడు. పోనీ మర్చిపోయాడనే అనుకుందాం. తల్లి అడిగినప్పుడు గుర్తొచ్చింది కదా! ఉద్ధరిణె కోడలి నోటికి జానెడు దూరంలో ఉన్నప్పుడు గుర్తొచ్చింది కదా! అప్పుడు కూడా ఆయన కాపాడుకున్నది ఆ పిల్లను కాదు.

చెట్టును నేను పెరట్లోకి తెచ్చుకున్నాను. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మట్టంతా దులిపి, వేళ్ళు కడిగి, ఆ మట్టీ ఆ నీళ్ళూ బావికి దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. పాత టూత్‌బ్రష్‌తో కాండం రుద్దితే పసుపూ పొలుసులూ కలిసి ఊడొచ్చాయి. మసి పట్టిన ఆకులన్నీ కత్తిరించాను. మూలమూలకూ దూది పెట్టి తుడిచాను. కొత్త మట్టిలో నాటి, పళ్ళెం మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి, చెట్టును పక్కకు వంచి, వేపనూనె కలిపిన సబ్బునీళ్ళతో ఆకు అడుగుభాగాలు కడిగాను. ఒక్కసారితో పోదు. తల్లిపురుగు చచ్చినా దాని పెంకు కింద గుడ్లు ఉంటాయి, అవి పగిలి చీమ తలంత పిల్లలు బయటికి పాకుతాయి. అందుకని వారం వారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొన్నాళ్ళు చెట్టు పూర్తిగా బోసిపోయి కట్టెలా నిలబడింది. వానలు పడ్డాక కొమ్మ చివర రాగిరంగు చిగురు కనిపించింది.

కోడలు ఆశ్వయుజంలో ఆడపిల్లను కన్నది. తల్లీ పిల్లా బాగున్నారు. పాప ఇప్పుడు గోడ పట్టుకొని నిలబడుతోంది.

మా ఆయన ఖమ్మం నుంచి ఆపిల్ పళ్ళు తెస్తాడు, బిస్కెట్లు తెస్తాడు, మనవరాలికని చెప్పి కోడలి చేతికిస్తాడు. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు మాట్లాడదు. అట్ల పెట్టుండ్రి మామయ్యా అంటుంది. ఆయన అటు పోగానే తీసి నా ముందు పెడుతుంది. నేను చూసి, కడిగి, ముక్క కోసి ముందు నోట్లో వేసుకున్నాకే పాపకు పెడుతుంది. ఆయన చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగదు. అట్లా చెయ్యమని నేను చెప్పలేదు, మా అత్తగారూ చెప్పలేదు.

మొన్న ఆయన కంట పడింది. అప్పుడు నేను పెరటి అరుగు మీద కూర్చొని జువ్వి కొమ్మలు తుడుస్తున్నాను. మా అత్తగారు పూజగదిలో ఉంది. కోడలు పాపను ఒళ్ళో పెట్టుకొని అన్నం తినిపిస్తోంది. ఆయన తెచ్చిన పొట్లం విప్పకుండా పక్కనే ఉంది. దాన్ని చూసి, మా ముగ్గురినీ చూసి, ఆయన గట్టిగా అడిగాడు.

"ఏంది ఇది? నేనేమన్న విషం పెడ్తున్ననా?"

పూజగదిలో గంట ఆగింది. కోడలు పాప మూతి తుడిచి ఇంకో ముద్ద కలిపింది. ఆయన జవాబు కోసం కాసేపు అక్కడే నిలబడ్డాడు.